షిప్‌లో ఏ పూల్ ఎవరికి? క్రూయిజ్ బుక్ చేసే ముందే తేల్చుకోండి

మా పాపకి రెండేళ్లు నిండి నెల కూడా కాకముందు మొదటిసారి క్రూయిజ్ ఎక్కాం. పెట్టెలు కేబిన్‌కి రాకముందే పాపకి స్విమ్ డైపర్ వేసి, కొత్త స్విమ్ సూట్ తొడిగి, టోపీ పెట్టి మెయిన్ పూల్ దగ్గరికి తీసుకెళ్లాం. మెట్టు మీద ఒక్క కాలు నీళ్లలో పెట్టిందో లేదో, అక్కడున్న స్టాఫ్ అబ్బాయి గబగబా వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని పాపతో రెండు ముక్కలు మాట్లాడి, ఆ తర్వాత మాతో మెల్లగా చెప్పాడు, డైపర్ వేసుకునే పిల్లల్ని ఈ పూల్‌లోకి రానివ్వకూడదు, స్విమ్ డైపర్ అయినా సరే అని. పాపకి ఏం చెబుతాం? పూల్ అంచున తడి నేల మీద కూర్చుని, లోపల ఆడుకుంటున్న పిల్లల్ని చూస్తూ, నేల మీద నిలిచిన నీళ్లనే అరచేత్తో కొడుతూ ఉండిపోయింది. ఆ షిప్‌లో చంటిపిల్లలు ఆడుకునే నీళ్ల చోటు ఒక్కటి కూడా లేదని అరగంటలో తేలిపోయింది. మాకు బుక్ చేసిపెట్టిన ఏజెంట్‌కి పాప వయసు తెలుసు, అయినా ఒక్క మాట చెప్పలేదు.

అందుకే ఇదంతా రాస్తున్నాను. పిల్లల పూల్ కావాలా, పిల్లలు రాని పెద్దల చోటు కావాలా, రెండూ కావాలా అన్నది ముందు తేలితే ఏ షిప్ ఎక్కాలో దానంతట అదే తేలుతుంది. చాలామంది ముందు ఊర్లు చూసి, రేటు చూసి, కేబిన్ చూసి డబ్బు కట్టేస్తారు, పూల్ సంగతి అక్కడికెళ్లాక చూసుకుందాం అనుకుంటారు. అక్కడికెళ్లాక చూసుకోవడానికి ఏమీ ఉండదు, ఉన్నదాంతో సర్దుకోవడమే.

ముందు డైపర్ రూల్ గురించే చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది దెబ్బ తినేది ఇక్కడే. అమెరికా పోర్టులకు వచ్చే విదేశీ రూట్ల క్రూయిజ్ షిప్‌ల శుభ్రతని ఆ దేశపు ప్రజారోగ్య సంస్థ సీడీసీ వాళ్ల వెస్సెల్ శానిటేషన్ ప్రోగ్రామ్ తనిఖీ చేస్తుంది. టాయిలెట్ అలవాటు కాని పిల్లల్ని మామూలు పూల్‌లోకి, హాట్ టబ్ అనే వేడినీళ్ల తొట్టిలోకి దించకూడదనేది అందులోని రూల్. వాళ్ల కోసం విడిగా ఫిల్టర్లు, శుభ్రం చేసే ఏర్పాట్లు పెట్టి కట్టిన చోటు ఉంటేనే నీళ్లలోకి వెళ్లనిస్తారు. కారణం సూటిగానే ఉంది. స్విమ్ డైపర్ గట్టిగా ఉన్నదాన్ని కొంత ఆపుతుంది గానీ క్రిముల్ని ఆపదు. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి క్లోరిన్ నీళ్లలో కూడా రోజుల తరబడి బతికే ఉంటుంది. షిప్‌లో పూల్ చిన్నది, దిగేవాళ్లు ఎక్కువ. ఒక్క పాప వల్ల పొరపాటు జరిగితే పూల్ మొత్తం మూసేసి శుభ్రం చేయాలి, ఆ రోజుకి అందరి సరదా పోయినట్టే. కాబట్టి స్టాఫ్‌తో వాదించకండి, వాళ్ల చేతుల్లో లేని విషయం అది.

మరి డైపర్ వయసు పిల్లలున్నవాళ్లు ఏం చేయాలి? చంటిపిల్లలకని ప్రత్యేకంగా నీళ్ల చోటు ఉన్న షిప్ వెతుక్కోవాలి. డిస్నీ డ్రీమ్‌లో నీమోస్ రీఫ్ అని ఒకటి ఉంది, స్విమ్ డైపర్ వేసుకున్న పిల్లలు కూడా అక్కడ తడవొచ్చు. రాయల్ కరేబియన్ వాళ్ల కొన్ని షిప్‌ల్లో బేబీ స్ప్లాష్ జోన్ ఉంది, కొన్నింటిలో లేదు. ఇంకొన్ని కంపెనీల్లో అయితే నేల మీంచి నీళ్లు చిమ్మే స్ప్లాష్ ప్యాడ్‌లోకి కూడా డైపర్ పిల్లల్ని రానివ్వరు. అందుకని 'పిల్లలకు పూల్ ఉందా' అని అడక్కండి, ఉంది అనే అంటారు. 'ఇంకా డైపర్ వేసుకునే రెండేళ్ల పాప ఈ షిప్‌లో ఏ నీళ్లలో దిగొచ్చు, ఆ చోటు పేరేంటి' అని అడగండి. పేరు చెప్పలేకపోతే ఆ షిప్‌లో అది లేదనే అనుకోండి. ఆ పేరుని ఈమెయిల్‌లో రాయించుకుంటే ఇంకా మంచిది.

ఇప్పుడు పెద్దల చోట్ల సంగతి. ఇక్కడ అందరూ పొరబడేది వయసు దగ్గర. పెద్దలు అంటే పద్దెనిమిది దాటినవాళ్లే కదా అనుకుంటాం, కానీ ఒక్కో కంపెనీకి ఒక్కో లెక్క ఉంది. రాయల్ కరేబియన్ వాళ్ల సోలారియం అనే పెద్దల చోటికి 16 ఏళ్లు నిండితే చాలు. డిస్నీ వాళ్ల క్వయట్ కోవ్ పూల్‌కి 18 నిండాలి, ప్రిన్సెస్ వాళ్ల శాంక్చురీకీ అంతే. కార్నివాల్ వాళ్ల సెరెనిటీలోకి మాత్రం 21 నిండినవాళ్లే రావాలి. కాలేజీకి వెళ్లే కొడుకునో కూతుర్నో తీసుకెళ్తున్నవాళ్లు ఈ తేడా తప్పకుండా చూసుకోవాలి. పదిహేడేళ్ల అమ్మాయి ఒక షిప్‌లో మీ పక్కనే పడుకుని పుస్తకం చదువుకోగలదు, ఇంకో షిప్‌లో పంతొమ్మిదేళ్లు వచ్చినా తనని బయటే ఆపేస్తారు. అసలు పదమూడు నుంచి పదిహేనేళ్ల మధ్య పిల్లల పరిస్థితే నాకు ఎక్కువ బాధనిపిస్తుంది. పిల్లల స్ప్లాష్ జోన్‌లో ఆడటానికి వాళ్లకి సిగ్గు, పెద్దల చోటికి వయసు చాలదు. వాళ్లతో వెళ్తుంటే పూల్ కన్నా స్లైడ్లు, ఆటల డెక్, టీన్ క్లబ్ బాగున్న షిప్ చూడండి.

రెండో పొరపాటు, పెద్దల చోటు ఉంది అంటే అక్కడ పూల్ ఉన్నట్టే అనుకోవడం. సెరెనిటీ పేరు చాలా కార్నివాల్ షిప్‌ల్లో కనిపిస్తుంది, కానీ కొన్నింటిలో అక్కడ పూల్ ఉంటుంది, కొన్నింటిలో పడుకునే కుర్చీలు, హాట్ టబ్‌లు మాత్రమే ఉంటాయి. పేరు ఒకటే, షిప్ మారితే లోపల ఉన్నది మారిపోతుంది. మీరు ఈత కొడదామని వెళ్తున్నారా, నీడలో పడుకుందామని వెళ్తున్నారా అన్నది ముందు మీకే తెలియాలి, పడుకోవడమే అయితే పూల్ లేకపోయినా నష్టం లేదు.

మూడోది, పెద్దల చోటంటే నిశ్శబ్దంగా ఉంటుందనుకోవడం. పిల్లలు ఉండరు, అంతవరకే గ్యారంటీ. 2024 జనవరిలో మొదలైన ఐకాన్ ఆఫ్ ది సీస్‌లో హైడవే అని పెద్దలకు మాత్రమే ఉన్న పూల్ ఒకటి షిప్ వెనక చివర ఉంది, చూడటానికి అద్భుతం, కానీ అక్కడ డీజే పాటలు మోగుతూ ఉంటాయి. అది పార్టీ ఇష్టపడేవాళ్ల కోసం పెట్టింది. ప్రశాంతత కోసం వెళ్లేవాళ్లు 'అక్కడ మ్యూజిక్ ఉంటుందా, బార్ ఎంత దగ్గర' అని అడిగి తెలుసుకోవాలి. అదే షిప్‌లో ఆరేళ్ల లోపు పిల్లలున్న కుటుంబాల కోసం సర్ఫ్‌సైడ్ అని ఒక పేటలాంటిది విడిగా కట్టారు, పిల్లల నీళ్ల ఆటలు, పెద్దలు కూర్చునే చోటు, తిండి అన్నీ పక్కపక్కనే. కొత్త షిప్‌ల్లో నాకు బాగా నచ్చేది ఇదే. చంటిపిల్లలున్న తల్లిదండ్రులు షిప్ ఈ చివర్నుంచి ఆ చివరికి సామాన్లు మోసుకుంటూ తిరగక్కర్లేదు.

డెక్ ప్లాన్, అంటే షిప్‌లో ఏ అంతస్తులో ఏముందో చూపించే పటం, చూడటం నేర్చుకోండి. కంపెనీల సైట్లలో ప్రతి షిప్‌కీ ఉంటుంది, పది నిమిషాల పని. పై డెక్‌లు తెరిచి, మెయిన్ పూల్ ఎక్కడుంది, పిల్లల నీళ్ల చోటు ఎక్కడుంది, పెద్దల చోటు ఎక్కడుంది అని మూడు గుర్తులు పెట్టుకోండి. పెద్దల చోటు చాలా షిప్‌ల్లో పై డెక్‌లో ముందువైపు గానీ వెనక చివర గానీ ఉంటుంది. ముందువైపైతే షిప్ నడుస్తున్నప్పుడు గాలి ఎక్కువ, అద్దాలు అడ్డం ఉన్నాయో లేదో ఫొటోల్లో చూడండి. పెద్దల చోటుకీ పిల్లల స్లైడ్లకీ మధ్య గోడ ఉందా, లేక ఒక చిన్న మెట్లదారేనా అన్నది కూడా చూడండి, మెట్లదారే అయితే ఆ కేకలన్నీ మీకూ వినిపిస్తాయి. ఇక కేబిన్ ఎంచుకునేటప్పుడు దాని పైన ఏ డెక్ ఉందో తప్పక చూడాలి. పూల్ డెక్‌కి సరిగ్గా కింద కేబిన్ తీసుకుంటే తెల్లవారకముందే కుర్చీలు ఈడ్చే చప్పుడు నెత్తి మీద మొదలవుతుంది. పైనా కిందా కూడా కేబిన్లే ఉన్న డెక్ అయితే హాయిగా నిద్రపోవచ్చు.

అంత పెద్ద షిప్‌లో పూల్ ఇంత చిన్నగా ఉందేంటని మొదటిసారి వెళ్లినవాళ్లందరూ అడుగుతారు. ఒక క్యూబిక్ మీటర్ నీళ్లు టన్ను బరువు తూగుతాయి. అంత బరువు షిప్ నెత్తిన పెడితే, పైగా అది అటూ ఇటూ ఊగే బరువైతే, షిప్ నిలకడకే ఇబ్బంది. అందుకే పూల్‌లు చిన్నగా, పెద్దగా లోతు లేకుండా కడతారు, అలలు పెద్దవైతే నీళ్లు తగ్గించో, పైన వల కట్టో మూసేస్తారు. చాలా షిప్‌ల్లో పూల్‌లో సముద్రపు నీళ్లే శుద్ధి చేసి నింపుతారు, కళ్లు మండుతాయి, పిల్లలకి గాగుల్స్ పెట్టండి. రోజుకి రెండు గంటలు ఈత కొడదాం అనే ఆశ పెట్టుకోకండి, ఏ పూల్‌లోనూ అది కుదరదు.

చలి ప్రాంతాలకు, అలాస్కా, నార్వే లాంటి చోట్లకి వెళ్తుంటే లెక్క పూర్తిగా మారిపోతుంది. అక్కడ తెరిచి ఉన్న పూల్‌కి స్లైడ్ ఎంత పెద్దదైనా పిల్లలు పది నిమిషాల్లో వణుకుతూ బయటికొస్తారు. పిల్లలతో వెళ్లేవాళ్లు మెయిన్ పూల్ మీద మూసుకునే కప్పు ఉన్న షిప్ చూసుకోవాలి. పెద్దలకైతే అద్దాల కప్పున్న సోలారియం అక్కడ బంగారం, బయట మంచు కొండలు, లోపల వెచ్చగా కుర్చీ. అన్ని సోలారియంలకీ అద్దాల కప్పు ఉండదు, కొన్నిటికి సగమే ఉంటుంది, మళ్లీ షిప్ పేరుతోనే చూసుకోవాలి.

డబ్బు కట్టి తీసుకునే పెద్దల చోట్లు కూడా ఉన్నాయి. ప్రిన్సెస్ శాంక్చురీ, నార్వేజియన్ క్రూయిజ్ లైన్ అనే కంపెనీ వాళ్ల వైబ్ బీచ్ క్లబ్ అలాంటివి. పాసులు తక్కువ ఉంటాయి, త్వరగా అయిపోతాయి. నా అభిప్రాయం ఏంటంటే, ముందు మీ ట్రిప్‌లో సీ డేలు ఎన్నో లెక్కపెట్టండి. సీ డే అంటే షిప్ ఎక్కడా ఆగకుండా రోజంతా సముద్రంలోనే ఉండేది, ఆ రోజు అందరూ పూల్ దగ్గరే ఉంటారు. వారం ట్రిప్‌లో ఐదు రోజులు పోర్టుల్లోనే గడిచిపోతే పాస్ దండగ, ఊరు చూసి అలిసిపోయి వచ్చాక సాయంత్రం ఉచితంగా ఉన్న చోటే ఖాళీగా దొరుకుతుంది. నాలుగైదు సీ డేలు వరసగా ఉండే సముద్రం దాటే ట్రిప్ అయితే, పిల్లలు లేకుండా వెళ్తుంటే, అప్పుడు ఆలోచించొచ్చు.

అసలు పిల్లలే వద్దు అనుకునే జంటలకు, రిటైరైనవాళ్లకు షిప్ మొత్తం పెద్దలదే అయినవి ఉన్నాయి. వైకింగ్ వాళ్లు 2018 నుంచి 18 ఏళ్లలోపు వాళ్లని ఎక్కించుకోవడం లేదు. వర్జిన్ వాయేజెస్ మొదట్నుంచీ పెద్దలకే. బ్రిటన్‌కి చెందిన పీ అండ్ ఓ వాళ్ల ఆర్కేడియా, అరోరా అనే షిప్‌లు కూడా పెద్దలకే. వైకింగ్‌లో వాతావరణం నెమ్మదిగా ఉంటుంది, వర్జిన్‌లో రాత్రి పార్టీలు ఎక్కువ, రెండూ పెద్దల షిప్‌లే అయినా ఒకచోట నచ్చినవాళ్లకి రెండోది నచ్చకపోవచ్చు.

ఇప్పుడు మాలాంటి వాళ్ల గురించి, అంటే పిల్లల్ని తీసుకెళ్తూ కాసేపు పెద్దల చోటు కూడా కావాలనుకునేవాళ్ల గురించి. ఇందులో తప్పేం లేదు. మాకు పనికొచ్చిన పద్ధతి వంతులు. ఉదయం ఏడు నుంచి తొమ్మిది దాకా ఒకరు పాపతో, ఒకరు పెద్దల పూల్‌లో, మర్నాడు తారుమారు. ఆ టైములో పెద్దల పూల్‌లో ఎవరూ ఉండరు. ఒకరోజు నేను వెళ్లేసరికి నీళ్లు ఒక్క మనిషి లేకుండా అలా ఉన్నాయి, షిప్ ఊగినప్పుడల్లా పూల్‌లో నీళ్లన్నీ మెల్లగా ఒక గట్టుకి చేరి, కాసేపాగి, మళ్లీ రెండో గట్టుకి వెళ్తున్నాయి. అందులో వెల్లకిలా తేలుతూ ఉంటే మనం ఏమీ చేయకుండానే నీళ్లే ఆ చివరికీ ఈ చివరికీ తీసుకెళ్తాయి. రెండేళ్లుగా అంత విశ్రాంతి నాకు దొరకలేదు. పదకొండు దాటాక వెళ్తే అదే చోట కుర్చీ దొరకడమే కష్టం.

ఇద్దరూ కలిసి వెళ్లాలంటే పిల్లల క్లబ్ ఉండాలి. చాలా కంపెనీల్లో మూడేళ్లు నిండి, టాయిలెట్ అలవాటైతేనే ఉచిత క్లబ్‌లోకి తీసుకుంటారు. అంతకన్నా చిన్నవాళ్లకి కొన్ని షిప్‌ల్లో గంటల లెక్కన డబ్బు తీసుకునే నర్సరీ ఉంటుంది, గంటలు పరిమితం, ఎక్కిన రోజే బుక్ చేసుకోండి. ఆరు నెలల లోపు పసిపిల్లల్ని చాలా షిప్‌లు ఎక్కించుకోవు, దూర ప్రయాణాలకు ఏడాది నిండాలంటారు, అది టికెట్‌కి ముందే చూసుకోవాల్సింది.

పిల్లల్ని తీసుకుని పెద్దల చోట్లోంచి అడ్డంగా నడిచి వెళ్లడం, 'ఐదు నిమిషాలే కదా' అని హాట్ టబ్‌లో కూర్చోబెట్టడం దయచేసి చేయకండి. ఆ ఐదు నిమిషాల కోసమే కొందరు ఏడాదంతా దాచుకుని వస్తారు. పైగా హాట్ టబ్ వేడి చిన్నపిల్లల ఒంటికి మంచిది కాదు, ఐదేళ్లలోపు వాళ్లని అసలు దించకూడదు. అలాగే మీరు పెద్దల చోట ఉన్నప్పుడు ఎవరైనా పిల్లల్ని తీసుకొస్తే మీరు వెళ్లి గొడవ పడకండి, స్టాఫ్‌కి మెల్లగా చెప్పండి, వాళ్లు చెప్పే పద్ధతి వేరుగా ఉంటుంది, ఎవరికీ అవమానంగా అనిపించదు.

కుర్చీల గురించి ఒక మాట. పొద్దున్నే టవల్, చెప్పులు పెట్టేసి టిఫిన్‌కి వెళ్లిపోయేవాళ్లు ప్రతి షిప్‌లోనూ ఉంటారు. రాయల్ కరేబియన్‌లో 30 నిమిషాలు, కార్నివాల్‌లో 40 నిమిషాలు ఎవరూ రాకపోతే స్టాఫ్ ఆ సామాన్లు తీసేయొచ్చనే రూల్ ఉంది. మీరు తీయకండి, స్టాఫ్‌ని పిలవండి. కుర్చీ కోసం టెన్షన్ పడటం ఇష్టం లేకపోతే పోర్ట్ డే రోజు షిప్‌లోనే ఉండిపోండి, జనమంతా ఊరు చూడ్డానికి దిగిపోతారు, పూల్ మొత్తం మీ సొంతం. ఎక్కిన రోజు కూడా మధ్యాహ్నం వరకు ఖాళీగానే ఉంటుంది, స్విమ్ సూట్ చేతి సంచిలో పెట్టుకుంటే పెట్టెల కోసం ఆగక్కర్లేదు. ప్రైవేట్ దీవుల దగ్గర ఆగే ట్రిప్ అయితే అక్కడ కూడా పెద్దల బీచ్ విడిగా ఉండొచ్చు, డిస్నీ క్యాస్టవే కేలో సెరెనిటీ బే, రాయల్ కరేబియన్ కోకోకేలో హైడవే బీచ్ అలాంటివే, రెండిటికీ 18 నిండాలి.

ఇక పిల్లల భద్రత, ఇది మాత్రం గట్టిగా చెబుతాను. డిస్నీ, రాయల్ కరేబియన్, నార్వేజియన్ లాంటివాళ్లు పిల్లల పూల్ దగ్గర లైఫ్‌గార్డ్‌లని పెట్టారు, కానీ అన్ని కంపెనీల్లో లేరు, ఉన్నచోట కూడా రోజంతా ఉండరు. లైఫ్‌గార్డ్ ఉన్నా లేకపోయినా ఈత రాని పిల్లలు మీ చేయి చాస్తే అందేంత దగ్గర్లో ఉండాలి. మునిగే పిల్లలు అరవరు, చప్పుడు లేకుండా మునిగిపోతారు, పక్కన మ్యూజిక్ మోగుతుంటే అసలే తెలియదు. ఫోన్ సంచిలో పెట్టేయండి. చేతులకు కట్టే గాలి బుడగల్ని నమ్ముకోవద్దు, అవి జారిపోతాయి, గాలి పోతుంది. సరైన సైజు పూల్ లైఫ్ జాకెట్ కావాలి, కొన్ని షిప్‌ల్లో పూల్ దగ్గరే ఉచితంగా ఇస్తారు. ఇద్దరు పెద్దవాళ్లు ఉన్నప్పుడు 'నువ్వు చూస్తున్నావనుకున్నా' అనే మాట రాకుండా, ఇప్పుడు ఎవరి వంతో నోటితో చెప్పుకుని మార్చుకోండి, మేం ఇప్పటికీ అలాగే చేస్తాం. డెక్ తడిగా ఉంటే జారుతుంది, ఎండలో కాలుతుంది, పిల్లలకి వెనక పట్టీ ఉన్న చెప్పులు వేయండి.

ఆఖరుగా స్లైడ్లు. వయసుతో పాటు ఎత్తు కూడా చూస్తారు, చాలా స్లైడ్లకి 42 అంగుళాలు, కొన్నింటికి 48 అంగుళాలు ఉండాలి. పోయిన ట్రిప్‌లో మా పాప స్లైడ్ మొదట్లో ఉన్న కొలత బోర్డు కింద వీపు నిటారుగా పెట్టి, గడ్డం పైకెత్తి, ఊపిరి బిగబట్టి నిలబడింది, అర అంగుళం తక్కువైంది, మడమలు ఎత్తబోతే స్టాఫ్ అమ్మాయి నవ్వుతూ భుజం మీద చెయ్యేసి ఆపింది. కాబట్టి ఇంట్లోనే చెప్పులు విప్పించి గోడకి నిలబెట్టి కొలవండి, ఆ షిప్ స్లైడ్ ఎత్తు ఎంతో కనుక్కోండి, రెండూ కుదిరాకే పిల్లలకి స్లైడ్ ఫొటో చూపించండి.